సరస్వతి ఆకుకి పంక్తిభేదం

గుణపాటివారింట్లో తెలివి ఎంతుండేదంటే, వాళ్ళకి సలహా చెప్పడానికి ఊళ్ళో ఎవరికీ ధైర్యం చాలేది కాదట. ఆ తెలివంతా తన కొంగుముడిలోనే ఉందని పెద్దకోడలు పెంచలమ్మ నమ్మకం.

మందులు నూరే ఆచారిగారు సరస్వతి ఆకు పండించమని వాళ్ళింటికే వచ్చారు. ఆకు నచ్చితే ఏటా కొంటానన్నారు. నచ్చకపోతే పెరటి మడులు కౌలుకిచ్చేస్తానని మామగారు రత్తయ్య తేల్చేశాడు. పెంచలమ్మ ప్రాణమంతా ఆ మడులే.

"మొదటి మడి ఎండలో, రెండోది సగం నీడలో, మూడోది పూర్తి నీడలో. మొదటిదానికి నిండుగా ఎరువు, రెండోదానికి సగం, మూడోదానికి అసలొద్దు. ఏది బాగా వస్తుందో చూద్దాం" అని చెప్పి వెళ్ళారు ఆచారిగారు.

పెంచలమ్మకి మూడో మడి మీద జాలేసింది. పక్కపక్కన కూర్చోబెట్టి ఒకరికి వడ్డించి ఇంకొకరికి మానితే పంక్తిభేదం కాదూ? వడ్డిద్దామా అంటే ఆచారిగారి మాట దాటినట్టవుతుంది. ఇంకేముంది, పక్క మడుల భోజనం మూడో మడి కంటపడకుండా అడ్డంగా దుప్పటి కట్టింది. అంతే, దుప్పటి నీడ మొదటి మడి మీద పడింది. ఆమె మొగుడు ఓబులయ్య ఇత్తడిపళ్ళెం పట్టి ఎండని అటు మళ్ళించబోతే, ఆ ఎండ కాస్తా మూడో మడిలో పడింది.

పస్తున్నవాళ్ళ ముందు మనం తింటే బావుంటుందా అని అత్తగారికి అనుమానం. ఇంకేముంది, ఇంటిల్లిపాదీ మూడో మడితో పాటు పస్తు. మూడోనాడు ఓబులయ్య కళ్ళు తిరిగి రెండో మడిలో వెల్లకిలా పడ్డాడు. సగం మొక్కలు నలిగాయి. ఆచారిగారు సగమే అన్నారుగా అని పెంచలమ్మ సరిపెట్టుకుంది.

అయినా దేవుడు చల్లగా చూశాడు. రెండు నెలలకి ఆకు మిగిలినంత మేర పచ్చగా వచ్చింది. ఆచారిగారు ముచ్చటపడి, కోసి నీడలో ఆరబెట్టండి, ఎండ తగలనివ్వకండి, రేపొచ్చి తీసుకెళ్తానన్నారు.

ఎవరి నీడలో? ఇంటి నీడ జరిగిపోతుంది, దాని వెంట ఇల్లు జరగదు. మనిషైతే ఎటు కావాలంటే అటు జరుగుతాడు. అంతే, మర్నాడు ఆకంతా వాకిట్లో పోసి నలుగురూ వరసగా నిలబడ్డారు. పొద్దెక్కేకొద్దీ నీడలు పొట్టివయ్యాయి. ఆకుని దగ్గరికి లాక్కున్నారు. మిట్టమధ్యాహ్నానికి నీడ కాళ్ళ కిందికొచ్చేసింది. సరస్వతి కదా, ముందు కళ్ళకద్దుకుని, క్షమించమ్మా అని లెంపలేసుకుని, ఆ తర్వాతే ఆకు మీద ఎక్కారు.

అప్పుడే ఆచారిగారు వచ్చారు.

"కాళ్ళు తియ్యి తల్లీ."

"తీస్తే ఎండ తగలదూ?"

ఆయన తెచ్చిన సంచీని ఖాళీగానే మడిచి చంకలో పెట్టుకుని వెళ్ళిపోయారు. మడులు ఇవాళే కౌలుకిచ్చేస్తానని రత్తయ్య అడుగు తీయబోయాడు. పెంచలమ్మ అడ్డంగా చేతులు చాపింది.

"కదలకండి మామయ్యా, మీ కిందది ఇంకా పచ్చిగానే ఉంది."