మంచు పడేదాకా ఆగిన అడవి ఆపిల్

అనగనగా మంచుకొండల కింద ఒక అడవిలో తోకయ్య అనే కొండముచ్చు పెద్దరికం చేసేవాడు. ఆకులు రాలే కాలంలో ఏటా అన్ని చెట్ల కాయలూ ఒకే రోజు రుచి చూసేవాడు. బాగుంటే మెచ్చుకునేవాడు. బాగోకపోతే ఆ చెట్టును చంపించేవాడు. ఇదేం న్యాయమో మీరే చెప్పండి పిల్లలూ.

ఆ ఏడు ఒక అడవి ఆపిల్ చెట్టు కొత్తగా కాపుకొచ్చింది. పొట్టి చెట్టు, కొమ్మల నిండా ముళ్లు, రేగుపండంత ఎర్రటి కాయలు. తోకయ్య ఒకటి కొరికాడు. మూతి వంకర తిరిగింది. రెండోది కొరికాడు. పళ్లు పులిశాయి. మూడోది ఉమ్మేశాడు. ముళ్లమ్మ అనే ముళ్లపందిని పిలిచి, ఆ చెట్టు మొదట్లో బెరడంతా చుట్టూరా కొరికేయమన్నాడు. బెరడు పోతే చెట్టు ఎండిపోతుంది కదా.

ముళ్లమ్మ పళ్లు ఆనించగానే చెట్టు వణికిపోయింది.

"అక్కా, మంచు పడేదాకా ఆగవా? అప్పటికి గానీ నా కాయలు పండవు" అంది.

ముళ్లమ్మకు తోకయ్యంటే భయమే. కానీ తన ఒంటి నిండా ముళ్లు, చెట్టు ఒంటి నిండా ముళ్లు. ఎంతైనా చుట్టరికం కదా, జాలేసింది.

"సరే చెల్లీ, ఆగుతాను" అంది.

తోకయ్య మూడుసార్లు కబురు పంపాడు. మొదటిసారి ముళ్లమ్మ పన్ను నొప్పి అంది. రెండోసారి బెరడు మరీ గట్టిగా ఉందంది. మూడోసారి సాకు దొరకలేదు. మంచు పడ్డాక కూడా కాయ పుల్లగా ఉంటే, చెట్టు బెరడు కొరికేస్తాననీ, తననూ అడవి నుంచి వెళ్లగొట్టమనీ చెప్పి పంపింది. తోకయ్య సరేనన్నాడు.

మంచు పడనే పడింది. తీపి పండ్లన్నీ ఎప్పుడో రాలి కుళ్లిపోయాయి. అడవి ఆపిల్ కాయలు మాత్రం కొమ్మలను వదల్లేదు. తన పిల్లలు ఆకలికి ఏడుస్తుంటే చూడలేక తోకయ్య వాళ్లను వెంటబెట్టుకుని అక్కడికే వచ్చాడు. ముళ్లమ్మ చెట్టు పక్కకు వచ్చి నిలబడింది. తోకయ్య కళ్లు గట్టిగా మూసుకుని ఒక కాయ నోట్లో వేసుకున్నాడు. అది మెత్తగా ఉంది. తీపెక్కింది. కాస్త పులుపు కూడా మిగిలి ఉండి భలే రుచిగా ఉంది. ఒకటి మింగకముందే రెండోది అందుకున్నాడు. పిల్లలైతే కడుపులు పట్టనంత తిన్నారు.

"తప్పు కాయది కాదు ముళ్లమ్మా, నా తొందరది" అన్నాడు తోకయ్య సిగ్గుపడుతూ.

మరుసటి ఏడు రుచి చూసే రోజు వచ్చింది. తోకయ్య అన్ని చెట్లూ తిరిగి అడవి ఆపిల్ దగ్గర ఆగాడు. కాయ కోయలేదు. కొమ్మను మెల్లగా నిమిరాడు.

"దీని రోజు ఇంకా రాలేదు, పదండి" అన్నాడు.

నీతి: ఎవరి కాలానికి వారు పండుతారు. అందాకా ఓపిక పట్టకుండా ఎవరినీ పనికిరారని తేల్చేయకూడదు.