చివరి బెండు

ముత్యాలప్ప అయ్యవారిని ఏది అడిగినా ముందు "నాకు తెలీదు" అనేవారు. ఆ తర్వాత చేతిలో ఉన్న పని పూర్తి చేసేవారు. హార్మోనియం మెట్ల మధ్య దుమ్ము దులపడమో, తమలపాకు ఈనె తీయడమో, ఏదైతే అది. పని అయ్యేసరికి అడిగినవాళ్లు ఇంకా కూర్చునే ఉంటే, "ఒకసారి ఒకటి జరిగింది" అని మొదలుపెట్టేవారు. లేచి వెళ్లిపోయినవాళ్లకు ఆ జవాబుతో అంత అవసరం లేదని ఆయన నమ్మకం.

కదిరి చుట్టుపక్కల పల్లెల్లో నలభై ఏళ్లు పౌరాణిక నాటకాలకు హార్మోనియం వాయించిన మనిషి ఆయన. నాటకాలు తగ్గిపోయాక ఇంటి వసారాలో కూర్చుని నేర్పేవారు. చివరి రోజుల్లో శిష్యులు ఏడుగురు. వాళ్లలో వయసులో పెద్దది రెడ్డెమ్మ. నలభై ఆరేళ్లు, పోస్టాఫీసులో ఉద్యోగం. పొద్దున ఆరింటికి వచ్చి, అయ్యవారి భార్య ఇచ్చిన కాఫీ తాగి, ఏడున్నర దాకా సాధన చేసి డ్యూటీకి వెళ్లేది.

ఒక శనివారం ఆమె వచ్చింది గానీ హార్మోనియం పెట్టె తెరవలేదు.

"అయ్యవారూ, రాత్రి నిద్ర రాకపోతే ఏం చేయాల?"

"నాకు తెలీదు" అన్నారాయన. ఒళ్లో పెట్టుకున్న హార్మోనియం గాలితిత్తికి చిన్న చిరుగుంటే తోలుముక్క అంటిస్తున్నారు.

ఆయన జిగురు రాస్తుండగా ఆమె సంగతంతా చెప్పింది. ఆరేళ్ల కిందట భర్త పోయినప్పుడు డాక్టరు నిద్రమాత్ర రాశాడు. నెల రోజులకని రాసింది ఆరేళ్లు సాగింది. రెండేళ్ల కిందట పక్కింటావిడ మాట విని, ఉన్న మాత్రలన్నీ ఒకేసారి చెత్తకుండీలో పడేసింది. మూడో రోజున చేతులు వణికాయి, ఆ సాయంత్రం ఫిట్స్ వచ్చాయి. వారం రోజులు ఆసుపత్రిలో ఉంది, మాత్ర మళ్లీ మొదలైంది. ఇప్పుడు అనంతపురంలో వేరే డాక్టరు ఎనిమిది నెలలుగా మెల్లమెల్లగా తగ్గిస్తూ వచ్చాడు. మాత్ర ముక్కాలైంది, అర అయింది, పావు అయింది. రేపు ఆదివారం నుంచి ఆ పావు కూడా వద్దన్నాడు.

"ఆ పావులో ఉండే మందు లెక్కలోకే రాదంట, డాక్టరే చెప్పినాడు. అయినా అది చేతిలో లేకుండా మంచం చూస్తే గుండె దడదడమంటాది. ఇంకొక నెల వేసుకుంటానని ఫోన్ చేసేద్దామనుకుంటాండా."

అయ్యవారు తోలుముక్క మీద బొటనవేలు నొక్కి పట్టి, జిగురు ఆరేదాకా అలాగే ఉంచారు. ఆమె కూర్చునే ఉంది.

"ఒకసారి ఒకటి జరిగింది" అన్నారు.

అప్పటికి ఆయనకు పందొమ్మిదేళ్లు, హార్మోనియం నేర్చుకుంటున్న రోజులు. ఊరికి పడమట ఒక మెట్లబావి ఉండేది. మూడు నిలువుల లోతు నీళ్లు. వేసవి వస్తే ఊళ్లో మగపిల్లలంతా అందులోనే. ఒకడు దూకితే ఆ చప్పుడు రాతిగోడలకు తగిలి ఊళ్లోకి వినిపించేది. గోడల సందుల్లోంచి పావురాలు ఒక్కసారిగా పైకి లేచేవి. తడిసిన రాయికి ఒక వాసన ఉంటుంది. ఆ బావి ఎండిపోయి ఇరవై ఏళ్లు దాటినా, వాన మొదలైన ప్రతిసారీ అది గుర్తొస్తుందని ఆయన అనేవారు.

ఆ ఊళ్లో ఈత రాని మగవాడు ఆయనొక్కడే. పదిహేడో ఏట స్నేహితులు ఉడికిస్తే ఏ ఆసరా లేకుండా దూకి నేరుగా అడుగుకు పోయాడు. ఎవరో జుట్టు పట్టుకుని పైకి లాగారు. అప్పట్నుంచి మోకాళ్లకు మించి నీళ్లలోకి దిగలేదు. రెండేళ్ల తర్వాత అన్న గంగులప్ప పట్టుబట్టి బావికి తీసుకుపోయాడు.

అక్కడ ఈత నేర్పే పద్ధతి అందరికీ ఒకటే. కంచెల వెంట పెరిగే కిత్తనార ముళ్లమొక్క ఎండిన మానును జానెడు ముక్కలుగా కోస్తారు. వాటిని బెండ్లు అంటారు. దూదిలా తేలిక. అయిదు బెండ్లను తాడుకు గుచ్చి వీపున కడతారు. పది రోజులకొక బెండు తీసేస్తారు. ఈత అయ్యాక ఎవరి బెండ్లు వాళ్లు తుమ్మకంచె మీద ఆరబెట్టుకోవాలి. నీళ్లు పీల్చిన బెండు మనిషిని తేల్చదు.

"నీళ్లను కొట్టొద్దురా. అవి నిన్నేం చేసినాయి? వెల్లకిలా పండుకో, అవే మోస్తాయి" అని గంగులప్ప మెట్ల మీద కూర్చుని అరిచేవాడు. చుట్టూ పదేళ్ల పిల్లలు చేపల్లా తిరుగుతూ, "హార్మోనియం అన్నా, తిత్తిలో గాలి నింపుకో!" అని ఎగతాళి చేసేవాళ్లు.

అయిదు నాలుగయ్యాయి. నాలుగు మూడయ్యాయి. నలభై రోజులకు ఒక్క బెండు మిగిలింది. అది వీపున ఉంటే బావిని ఈ గట్టు నుంచి ఆ గట్టుకు ఇరవై సార్లు ఈదేవాడు. దాన్ని విప్పమంటే మెట్టు దిగేవాడు కాదు.

"ఇది పిల్లిని కూడా తేల్చదురా" అన్నాడు గంగులప్ప.

"ఇంకో పది దినాలు ఉండనీ అన్నా."

పది రోజులు గడిచాయి. మళ్లీ పది రోజులు అడిగాడు. కంచె మీద ఆరబెడితే అన్న తీసేస్తాడేమోనని భయం పుట్టింది. సాయంత్రం ఇంటికి పోయేముందు ఆ బెండును బావిగోడలో, నీళ్ల అంచునే ఉన్న ఒక పావురాల బొక్కలో దాచిపెట్టేవాడు. మర్నాడు దాన్నే తీసి కట్టుకునేవాడు. అది ఒక్కపూటైనా ఎండ చూడలేదు.

ఒకనాటి మధ్యాహ్నం, ఆయన కట్టుకోబోతుండగా గంగులప్ప ఆ బెండును చేతిలోంచి లాక్కున్నాడు. అరచేతిలో పెట్టి బరువు చూశాడు. మొగం ఒకలా పెట్టాడు. బావి నడుమకు విసిరాడు.

బెండు తేలలేదు. బుడుంగున మునిగింది.

"నా బెండు!" అని ముత్యాలప్ప దూకేశాడు.

నీళ్ల అడుగున పచ్చగా, మసకగా ఉంది. బెండు తాడును తోకలా ఈడ్చుకుంటూ మెల్లగా కిందికి పోతోంది. రెండు నిలువులు దిగి దాన్ని అందుకున్నాడు. చేత్తో పట్టుకుని పైకి వచ్చి, ఒంటిచేత్తో ఈదుకుంటూ మెట్ల దగ్గరకు చేరాడు. అప్పుడు గమనించాడు, పిల్లలంతా ఈత ఆపి తనవైపే చూస్తున్నారు. ఒక పిల్లవాడు మెట్టు మీద నుంచి అడిగాడు:

"అన్నా, బెండు నిన్ను కాపాడతాదా, నువ్వు బెండును కాపాడతావా?"

ఆ నవ్వులకు పావురాలు లేచిపోయాయి.

గంగులప్ప నవ్వలేదు. తువ్వాలు విసిరి, "ఒళ్లు తుడుచుకో. సంగటి చల్లారిపోతాంది" అన్నాడు. ఇంటికి పోయే దారిలోగానీ, ఆ తర్వాత బతికున్న ముప్పై ఏళ్లలోగానీ అన్న ఆ విషయం మళ్లీ ఎత్తలేదట.

చెప్పడం ముగించి అయ్యవారు తిత్తిని పెట్టెకు బిగించడం మొదలుపెట్టారు. ఎదురుగోడ మీది మేకుకు, తాడుకు గుచ్చిన ఒక బూడిదరంగు ముక్క వేలాడుతోంది. మూడేళ్లుగా రెడ్డెమ్మ దాన్ని చూస్తూనే ఉంది. హార్మోనియం పెట్టెలో విరిగిన చెక్క అనుకుంది. లేచి వెళ్లి ముట్టుకుంది. బరువే లేదు.

"అయితే రేపు రాత్రి నాకు నిద్ర వస్తాదంటారా?"

"నాకు తెలీదు. డాక్టరు చెప్పినట్టు చెయ్యి. సోమవారం ఆరింటికి రా. పండుకున్నా రా, పండుకోకున్నా రా."

సోమవారం ఆమె ఆరుకు పది నిమిషాల ముందే వచ్చింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి. జడ సరిగా వేసుకోలేదు. అయ్యవారు అప్పటికే వసారాలో కూర్చున్నారు. ఆమె చెప్పులు విడుస్తూనే చెప్పడం మొదలుపెట్టింది.

"గడియారం ఒకటి కొట్టింది విన్నా. రెండు కొట్టింది విన్నా. చేతులు వణికితే ఫోన్ చేయమన్నాడు డాక్టరు, వణకలేదు. దడ వచ్చింది. వచ్చి కాసేపుండి పోయింది. మళ్లా వచ్చింది, మళ్లా పోయింది. డబ్బాలో ఆ పావుముక్క ఉందని తెలుసు. రెండుసార్లు లేచి కూర్చున్నా. మీ అన్న చెప్పినట్టు మళ్లా వెల్లకిలా పండుకున్నా. నాలుగున్నరకు పాలవ్యాను పోయింది, అదీ విన్నా. నడుమ ఒక గంట ఏమైందో తెలీదు. అంతే అయ్యవారూ, ఆ ఒక్క గంటే."

ఆయన అంతా విన్నారు.

"మునిగితివా?"

రెడ్డెమ్మ చేతిలో ఉన్న చెప్పును గోడవారగా పెట్టింది.

"లేదు."

అయ్యవారు భుజం మీది తువ్వాలు తీసి ఆమెకందించారు.

"అయితే మొగం తుడుచుకో తల్లీ. కాఫీ చల్లారిపోతాంది."