గూబవ్వ చెవులు, సాలెమ్మ కాళ్లు

అనగనగా నీలకోన రాజుకు ముగ్గురు కొడుకులు. మూడోవాడు మణికేతుడు. అతనిలో ఒక గొప్ప సుగుణం ఉంది: తలపాగా తీసేవాడు కాదు. నిద్రలోనూ తీయడు. అడిగితే, వంశగౌరవాన్ని కింద పెట్టకూడదనేవాడు.

ఏడు సముద్రాల అవతల ఒక మాంత్రికుడు, తనను చంపబోయిన అన్నలిద్దరినీ రాళ్లను చేశాడు. పున్నమిలోగా విడిపించకపోతే వాళ్లిక రాళ్లే. మణికేతుడు బయలుదేరాడు. ఒక సముద్రం దాటాడు, రెండు దాటాడు, ఏడూ దాటాడు. తలపాగా మాత్రం తడవనివ్వలేదు.

ఒడ్డున చందమామ మొహం గుడ్లగూబా, బంగారు దారం తీసే సాలెపురుగూ ఎవరు గొప్పని తగువాడుకుంటున్నాయి. పెద్దన్న గూబవ్వే గొప్పని ఆమెనొక్కదాన్నే తీసుకుపోయాడట. చిన్నన్న సాలెమ్మనొక్కదాన్నే తీసుకుపోయాడట.

మణికేతుడు తీరిగ్గా పోల్చాడు. గూబవ్వవి రెండే కళ్లు. అవీ తిరగవు, పక్కకు చూడాలంటే మెడ తిప్పాల్సిందే. సాలెమ్మకు ఎనిమిది కళ్లు, అయినా మూరెడు దూరం కనబడదు. ఆవిడ చెవులతో వింటే ఈవిడ దారం మీద కాళ్లతో వింటుంది.

"ఇద్దరూ గొప్పే. కానీ ఇలాంటి తలపాగా మీకెవరికీ లేదు," అన్నాడు.

"వీడి పొగరు దిగడం చూసి తీరాలి," అంది గూబవ్వ. సాలెమ్మ ఆ తలపాగా మీదే ఎక్కి కూర్చుంది.

కోటలో మాంత్రికుడు పగటినిద్రలో ఉన్నాడు. అక్కడ బందీగా ఉన్న రాకుమారి హేమరేఖ వాళ్లకు ఇరుకుబావి చూపించింది. అడుగున మూడు పంజరాలు, మూడు చిలకలు, ఒకదానిలో వాడి ప్రాణం. ఇంతకుముందు పెద్దన్న సరైన చిలకనే పట్టాడట, అది అరిచి మాంత్రికుణ్ణి లేపిందట. చిన్నన్న ముక్కు కట్టించాడట, కానీ వేరే చిలకకు. వాళ్లు దిగిన తాడును మాంత్రికుడు కాల్చేశాడట.

గూబవ్వ చెవి ఒగ్గింది. రెండు గుండెలు గబగబా కొట్టుకుంటున్నాయి, నడిమిది మనిషి గుండెలా నింపాదిగా. సాలెమ్మ దారం మీద దిగి నడిమి చిలక ముక్కు కట్టేసింది. కానీ ఆ సన్నదారంతో పంజరాన్ని పైకి లాగేదెలా? అందరూ తలపాగా వైపు చూశారు.

మణికేతుడు రాళ్లయిన అన్నల వైపు చూశాడు.

"విప్పితే మళ్లీ చుట్టుకోవడం నాకు రాదు," అన్నాడు చిన్నగా. "ఇది అమ్మ చుట్టింది."

ఎవరూ నవ్వలేదు. అతను ఇరవై మూరలూ విప్పి, కొసకు బావి దగ్గరి కొక్కెం కట్టి పంజరాన్ని లాగాడు. చిలక మెడ మీద వేలుపెట్టి మాంత్రికుణ్ణి లేపాడు. వాడు ప్రాణభయంతో అన్నలను బతికించాడు. వెంటనే మరో మంత్రం ఎత్తుకోబోయాడు. చిలక మెడ తిరిగింది, వాడూ కూలాడు.

తండ్రి మురిసిపోయి రాజ్యం మణికేతుడికే ఇచ్చాడు. అతను హేమరేఖను పెళ్లాడి అరవై ఏళ్లు ఏలాడు. గూబవ్వా సాలెమ్మా కొలువులో అదే తగువు సాగించారు. రోజూ పొద్దున రాణి తలపాగా చుడుతుంటే రాజు అద్దంలో శ్రద్ధగా చూసేవాడు.

అరవై ఏళ్లు చూశాడు. చుట్టుకోవడం మాత్రం రాలేదు.