పానకాలరావు గారి విరుపు

ఆ సాయంత్రం గట్టెక్కితే గోవర్ధన్ బతుకు ఒడ్డున పడ్డట్టే. కానీ గట్టెక్కించాల్సింది దేవదానం మాస్టారు. ఆ మాస్టారేమో పొద్దుట్నుంచీ నోరు విప్పట్లేదు.

పానకాలరావు గారు పోయి రెండు వారాలైంది. పద్యనాటకాల్లో కృష్ణుడంటే ఆయనే. రాయబారం సీనుకి ఆయన వస్తున్నారని తెలిస్తే చాలు, చుట్టుపక్కల ఊళ్ల నుంచి ట్రాక్టర్లు కట్టుకుని వచ్చేవాళ్లు జనం. పోయాక పేపర్లో సగం పేజీ ఫోటో వేశారు, టీవీలో గంటసేపు చూపించారు. అందరి ఫోన్లలోనూ ఆయన వీడియోలే. ఇవాళ తెనాలిలో సంతాప సభ. ఉపన్యాసాలన్నీ అయ్యాక ఆయన పద్యం ఒకరు పాడాలి. ఆ ఒకరు గోవర్ధన్.

"జనాన్ని ఏడిపించావనుకో, ఈ సీజన్‌కి కృష్ణుడివి నువ్వే," అన్నాడు నాటకాల కాంట్రాక్టరు వెంకటాద్రి. "తేలిపోయావా, గుంటూరులో ఇంకో కుర్రాణ్ని చూసి పెట్టుకున్నా. మొహమాటాల్లేవు నా దగ్గర."

ఇన్నేళ్లుగా ద్వారపాలకుడి వేషం వేసుకుని, బల్లెం పట్టుకుని, ఒక్క పద్యం కూడా లేకుండా నిలబడ్డవాడికి ఆ మాట ఎలా ఉంటుంది! గోవర్ధన్‌కి వారం నుంచి అన్నం సయించలేదు.

దేవదానం మాస్టారు హార్మోనిస్టు. కాలితో తొక్కే పెద్ద హార్మోనియం ఆయనది. పానకాలరావు గారి పక్కన ముప్ఫై ఏళ్లు కూర్చుని వాయించారు. గోవర్ధన్‌కి పద్యం నేర్పింది కూడా ఆయనే. పానకాలరావు గారు పోయిన రోజున హార్మోనియం మీద దుప్పటి కప్పేశారు, మళ్లీ తియ్యలేదు.

సభకి ముందు, స్టేజీ వెనక గదిలో గోవర్ధన్ ఆయన ముందు నిలబడ్డాడు.

"మాస్టారూ, ఒక్కసారి వినండి. తేడా ఉంటే చెప్పండి."

పాడాడు. అచ్చం పానకాలరావు గారే. ఆ చెయ్యి తిప్పడం, ఆ ఓరచూపు, అన్నీ వీడియోలు చూసి చూసి ఒంటబట్టించుకున్నాడు. అన్నిటికన్నా ముఖ్యం మూడో పాదంలో విరుపు. గొంతు పైకి పోతూ పోతూ మాట మధ్యలో టక్కున ఆగిపోతుంది. ఆ ఖాళీలో హార్మోనియం జల్లుమంటుంది. అప్పుడు పానకాలరావు గారు తలెత్తి, నవ్వి, మిగతా మాట అందుకునేవారు. ఈలలతో పందిరి లేచిపోయేది. ఆ విరుపు కోసమే వచ్చేవాళ్లుండేవారు.

మాస్టారు కళ్లు మూసుకుని విన్నారు.

"అక్కడెందుకు ఆపావురా?"

"భలేవారే! అదే కదండీ ఆయన ముద్ర."

"నేను నేర్పినప్పుడు ఆపమన్నానా?"

"లేదనుకోండి. కానీ ఆయన ఎప్పుడూ..."

"ఎప్పుడూనా?"

ఫోన్లో దొరికిన వీడియోలన్నీ ఈ మూడు నాలుగేళ్లవే. అంతకు ముందు ఆయన ఎలా పాడారో గోవర్ధన్ ఎరగడు. అయితే మాత్రం? మాస్టారికి తను ఆ స్థానంలో నిలబడటం ఇష్టం లేదన్నమాట. అనుకోగానే ఒళ్లు మండింది.

"ఆ విరుపు తీసేస్తే నన్నెవరు చూస్తారండీ? ఇవాళ నా బతుకు తేలిపోతుంది మాస్టారూ. మీరు వాయిస్తారా, వాయించరా? ఆ ఒక్క మాట చెప్పండి."

గట్టిగానే అన్నాడు. అన్నాక భయమేసింది. మాస్టారు భుజం మీద తువ్వాలు తీసి మొహం తుడుచుకున్నారు. "పద," అన్నారు.

హాలు కిటకిటలాడుతోంది. స్టేజీ మీద పానకాలరావు గారి పటం, పటం ముందు ఆయన పెట్టుకున్న కిరీటం. ముందు వరసలో ఆయన భార్య అనసూయమ్మ గారు. ఆ పక్కనే వెంకటాద్రి, చేతులు కట్టుకుని. మాస్టారు దుప్పటి తీసి, కాలు ఆనించి, శ్రుతి ఇచ్చారు. గోవర్ధన్‌కి సగం ప్రాణం లేచొచ్చింది.

మొదటి పాదానికే హాలు సద్దుమణిగింది. రెండో పాదానికి ఎవరో వెక్కి ఏడ్చారు. మూడో పాదంలో గొంతు పైకెక్కి, విరిగింది. మాస్టారి హార్మోనియం ఎప్పట్లాగే జల్లుమంది. గోవర్ధన్ తలెత్తి నవ్వాడు.

"పానకాలూ!" అని ఎవరో గావుకేక పెట్టారు. "వన్స్‌మోర్! వన్స్‌మోర్!"

సంతాప సభలో వన్స్‌మోరేమిటి అనకండి. మా వైపు నాటకాల జనానికి ఏడుపొచ్చినా అదే, సంతోషమొచ్చినా అదే. వెంకటాద్రి బొటనవేలు పైకెత్తి చూపించాడు. పనైపోయింది అనుకున్నాడు గోవర్ధన్.

మళ్లీ ఎత్తుకున్నాడు. ఈసారి ఇంకా ధీమాగా. మూడో పాదం. గొంతు పైకెక్కింది, ఎక్కింది, విరిగింది.

హార్మోనియం మోగలేదు.

మాస్టారు చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. కాలు కూడా కదలడం లేదు. హాల్లో చప్పుడన్నదే లేదు. గోవర్ధన్ నోరు తెరుచుకుని అలాగే ఉండిపోయాడు. కొంప ముంచాడు ముసలాయన, అనుకున్నాడు. ఇందాకటి మాటకి కక్ష తీర్చుకుంటున్నాడు, నలుగురిలో.

మాస్టారి వైపు చూశాడు. మాస్టారు అతన్ని చూడటం లేదు. ముందు వరస వైపు చూస్తున్నారు.

అక్కడ అనసూయమ్మ గారు కుర్చీలోంచి సగం లేచి ఉంది. కొంగు పిడికిట్లో బిగించి పట్టుకుంది. ఆవిడ గోవర్ధన్ మొహం చూడటం లేదు. అతని ఛాతీ వైపు చూస్తోంది, మళ్లీ ఎగురుతుందా లేదా అని. ఆ చూపు ఇవాళ్టిది కాదు. ఎన్నో ఆటల్లో, తెర పక్కన నిలబడి, అదే చోట, అలాగే చూసిన చూపు.

ఈలలు, చప్పట్లు, ఆ జల్లు, ఆ నవ్వు, అన్నీ ఒక్కసారి గోవర్ధన్ చెవుల్లోంచి పోయాయి. ఒక మనిషి ఊపిరి అందక నిలబడిపోవడం, పక్కన ఇంకో మనిషి కంగారుగా హార్మోనియం మెట్లు నొక్కి దాన్ని కప్పెయ్యడం, అంతే మిగిలింది.

మాస్టారు మైకుకి అందకుండా, మెల్లిగా అన్నారు.

"నీకు ఊపిరుంది కదరా. పాడు."

గోవర్ధన్ గుండెల నిండా పీల్చుకున్నాడు. మూడో పాదం మొదట్నుంచి ఎత్తుకున్నాడు. చెయ్యి తిప్పలేదు, ఓరగా చూడలేదు. ఆ మాట దగ్గరికొచ్చి, ఆగకుండా, దాటి వెళ్లాడు. పాదం చివర హార్మోనియం వచ్చి కలిసింది.

ఈలలు లేవు. వెంకటాద్రి ఏమనుకున్నాడో గోవర్ధన్ అటు చూడలేదు. అనసూయమ్మ గారు కొంగు వదిలి, కుర్చీలో కూర్చుంది.