మూత లోపలి గుర్తు

ఎల్లేశం సొంతంగా గడియారాల దుకాణం పెట్టి ఏడాదైంది. తాతల నాటి జేబు గడియారాలు తెచ్చేవాళ్లు సర్వీసు ధర వినగానే లేచి వెళ్లిపోతున్నారు. దుకాణం అద్దె కట్టడమే కష్టమైంది. చివరికి ‘సగం ధరకే సర్వీసు’ అని చెక్క మీద బోర్డు రాయించాడు. దాన్ని చంకలో పెట్టుకొని, తనకు పని నేర్పిన వహాబ్ ఉస్తాద్ దగ్గరికి పాతబస్తీకి వచ్చాడు.

ఉస్తాద్ చాయ్ తాగుతూ బోర్డు చదివాడు.

“సగం పైసలకు ఎట్ల చేస్తవ్ బేటా?”

“మొత్తం విప్పను ఉస్తాద్. పైపైన తుడిచి కొత్త నూనె చుక్క వేస్త. మీరు ఒక్కొక్క చక్రం ఊడదీసి, కడిగి, ఆరబెట్టి వారాలకు వారాలు కూర్చుంటరు. అంత ధర చెప్తే గిరాకీ ఎట్ల నిలబడ్తది?”

“మరి లోపల గడ్డకట్టిన పాత నూనె?”

“ఉండనీయండి. ఎవరు చూస్తరు?”

ఎల్లేశం జేబులోంచి ఒక బంగారు గడియారం తీశాడు. “వకీలు మాణిక్‌రావు సాబ్‌ది. నిన్న చేసిన. సాయంత్రం తీసుకపోతడు. వినుండ్రి, ఎంత మంచిగ నడుస్తుందో.”

ఉస్తాద్ చెవి దగ్గర పెట్టుకున్నాడు. “నడుస్తుంది,” అన్నాడు. తర్వాత గోటితో వెనక మూత తెరిచాడు.

“గుర్తు పెట్టినవా?”

“మర్చిపోయిన.”

ఉస్తాద్ సూది అందించాడు. “పెట్టు.”

గడియారం బాగుచేసినవాడు వెనక మూత లోపలివైపు సూదితో తన గుర్తు గీయడం వాళ్ల పనిలో రివాజు. అది యజమానికి కనబడదు. మళ్లీ గడియారం విప్పేవాడికే కనబడుతుంది.

ఎల్లేశం కంటికి భూతద్దం తగిలించుకున్నాడు. అన్నిటికన్నా పైన ఎవరో తెల్లదొరవి రెండు పొడి అక్షరాలు. దాని కింద చిన్న చేప బొమ్మ. అది ఉస్తాద్‌కు పని నేర్పిన ఇస్మాయిల్ సాబ్ గుర్తు. దాని కింద ఉర్దూలో ఒకే అక్షరం. ఆ అక్షరం ఎవరిదో ఎల్లేశానికి తెలుసు; ఆయన ఎదురుగానే చాయ్ తాగుతున్నాడు. దాని కింద బియ్యపు గింజంత ఖాళీ.

సూది మొన అక్కడిదాకా వెళ్లి ఆగింది.

“జాగా లేదా?”

“ఉంది ఉస్తాద్.”

“చెయ్యి నొస్తుందా?”

“లేదు.”

ఉస్తాద్ చాయ్ ఊదుకుంటూ కూర్చున్నాడు.

ఎల్లేశం సూది కింద పెట్టాడు. వకీలుకు ఫోన్ చేశాడు.

“సాయంత్రం రాకండి సాబ్. పని కాలే.”

“నిన్న అయ్యిందంటివి గద?”

“అబద్ధం చెప్పిన.”

“ఇంకిన్ని పైసలు గుంజుదామనా?”

“మాట్లాడుకున్నయే ఇయ్యండి. మళ్లొచ్చినప్పుడు మాత్రం రెట్టింపయితది. ఇప్పుడే చెప్తున్న.”

వకీలు నాలుగు తిట్లు తిట్టి ఫోన్ పెట్టేశాడు. ఎల్లేశం బోర్డును ఉస్తాద్ బల్ల మీద బోర్లా పెట్టాడు. గడియారంలోంచి ఒక్కొక్క మర ఊడదీసి, ఆ చెక్క వెనకవైపు మీద వరుసగా పేర్చడం మొదలుపెట్టాడు.

పని పూర్తయ్యేసరికి రంజాన్ నెల వచ్చేసింది. పని ముగిసిన రోజు అతడు మూత లోపల తన గుర్తు గీసి, గడియారం ఉస్తాద్ చేతికిచ్చాడు.

ఉస్తాద్ అటు చూడకుండానే మూత నొక్కేశాడు.

“మీరు చూడరా ఉస్తాద్?”

“నాకెందుకు బేటా? చూసేటోడు ఇంకా పుట్టలే.”