గురవయ్య చెలమ చుట్టూ అడుగులు

ఎండలు ముదిరి ఏరంతా ఇసుకపర్ర అయిపోయాక, ఆ అడవి మొత్తానికి మిగిలేది ఒక్క మడుగు. ఆ మడుగు మొసలిది. ఎవరిచ్చారని అడగకండి, అందులో పడుకుంది కాబట్టి దానిదే. మొదట్లో అందరినీ రండి రండి అని ప్రేమగా పిలిచింది. అందరూ అలవాటు పడ్డాక, చేపలు తెచ్చి నోట్లో పెట్టినవాళ్ళకి ముందు వరస, తేనివాళ్ళకి బురద వరస అంది. బురదలో నిలబడి నిలబడి విసిగిపోయిన అడవిపంది గురవయ్య ఒకరోజు ముట్టె పైకెత్తాడు.

"ఈ మొసలి దయ మనకెందుకర్రా? ఏట్లో చెలమలు తవ్వుకుందాం. ఎవరి చెలమ వాళ్ళది. అడుగున ఊరే నీళ్ళు మాత్రం అందరివీ ఒకటే."

మాట మంచిదే. సగం అడవి అతని వెనకే నడిచింది.

చెలమంటే ఇసుకలో తవ్విన గుంట. తోడుతూ ఉంటే నీళ్ళు ఊరుతాయి, వదిలేస్తే అంచులు జారి పూడిపోతుంది. దానికి తాగే నోళ్ళకన్నా తోడే కాళ్ళు ముఖ్యం. మొదటి కొద్దిరోజులూ అందరూ ఉత్సాహంగా తోడారు. తరవాత, పందులు తాగేటప్పుడు జుర్రుమని చప్పుడు చేస్తున్నాయని దుప్పులకు చిరాకేసింది. వాళ్ళ పెద్ద వీరభద్రం కొమ్ములు విదిలించి ఎగువన వేరే చెలమ తవ్వించాడు. దుప్పులు చెవులు ఆడిస్తుంటే ఈగలు నీళ్ళలో పడుతున్నాయని కుందేళ్ళు అక్కణ్ణించి విడిపోయి ఇంకో చెలమ తవ్వుకున్నాయి. కోతులు సొంతంగా ఒకటి తవ్వుకుని, దోసిటితో తాగాలా మూతి పెట్టి తాగాలా అన్న దగ్గర కొట్టుకుని రెండుగా చీలాయి. చెలమకో పెద్ద, పెద్దకో పట్టెడు నియమాలు. పక్క చెలమవాళ్ళ అరుపులు చెవిన పెట్టకూడదన్న నియమం మాత్రం అన్నిచోట్లా ఉంది. ఇసుకలోనే గుడ్లు పెట్టుకుని బతికే తీతువు పిట్టను, ఎప్పుడూ అపశకునంగా అరుస్తుందని అన్ని చెలమలవాళ్ళూ వెలివేశారు. వాళ్ళు ఏకమైంది ఆ ఒక్క విషయంలోనే.

గురవయ్య దగ్గర చివరికి అతని పెళ్ళాం ఎరకమ్మ, పిల్లలు, ఎటూ పోలేని ఒక ముసలి తాబేలు మిగిలారు. తోడే కాళ్ళు చాలక చెలమ రోజూ కాస్త పూడుతోంది. పిల్లలు తడి ఇసుక నాకుతున్నారు.

"వెళ్ళి వీరభద్రంతో మాట్లాడు. రెండు చెలమలూ ఒకటి చేసుకుందాం" అంది ఎరకమ్మ.

"నేను వెళ్ళడమేంటే? ఈ అడవికి చెలమ అన్న మాట నేర్పిందే నేను. వాళ్ళే వస్తారు."

సరిగ్గా ఆ మాట దగ్గర దిగబడ్డాడు నక్క జంబులింగం. అలాంటి మాటలు ఎక్కడ వినబడినా అక్కడికి వచ్చి వాలడం అతని వృత్తి.

"బాబాయ్, మీ చెలమలాంటిది ఏట్లోనే లేదు. లోటల్లా జనం కనబడకపోవడమే. జనం ఉన్నారనుకుంటేనే జనం వస్తారు. ఆ సంగతి నాకు వదిలెయ్యండి."

"ఎక్కణ్ణించి తెస్తావురా?"

"ఆ తంటాలు నావి. పొద్దున్నే లేచి చెలమ చుట్టూ అడుగులు చూసుకోండి, చాలు. నాకు రోజూ కాసిని ఎండ్రకాయలు తవ్వి పెట్టండి."

మర్నాడు గురవయ్య లేచి చూస్తే చెలమ చుట్టూ ఇసుకంతా అడుగులే. పందికి చూపు అంతంతమాత్రం. అయినా మసకమసగ్గా కనబడిన గుంటల్ని లెక్కపెట్టుకుంటూ అతను పొంగిపోయాడు.

"చూశావుటే, ఎంతమంది వచ్చిపోయారో."

ఎరకమ్మ ముట్టె నేలకానించి ఒక చుట్టు తిరిగి వచ్చింది. "నా ముక్కుకి ఒక్క నక్క వాసనే తగులుతోంది."

"జనాన్ని ముక్కుతో లెక్కపెడతారా ఎక్కడైనా? కళ్ళు పెట్టుకు చూడాలి."

పంది పుట్టుక పుట్టి, ముక్కును కాదని కళ్ళను నమ్మినవాడికి ఏం చెబుతాం? ఎరకమ్మ గుంటలోకి దిగి తోడుకుంది. అదీ గురవయ్యకు నచ్చలేదు. ఆమె తిరుగుతుంటే అడుగులు చెదిరిపోతున్నాయట. తోడడం ఆపి, దూరంగా ఉండమన్నాడు.

ఒకరోజు అతనికే అనుమానం వచ్చింది. "ఇంతమంది వచ్చి తాగిపోతున్నారు కదా, ఒక్కడూ తోడడేంరా?"

"మొహమాటస్థులు బాబాయ్. రాగానే పని చెబితే బెదిరిపోరూ? అలవాటు పడనివ్వండి" అన్నాడు జంబులింగం, ఎండ్రకాయ డిప్ప కొరుకుతూ. మనిషి నున్నగా తయారయ్యాడు. కాసిని ఎండ్రకాయల మీదే అంత ఒళ్ళు ఎలా చేశాడో గురవయ్యకు తట్టలేదు. ఎగువ నుంచి వీరభద్రం కూడా, తన చెలమకు జనం విరగబడుతున్నారని రోజూ గొంతెత్తి చెప్పుకునేవాడు. పక్కవాళ్ళ అరుపులు వినకూడదుగాని గొప్పలు వినబడితే ఏం చేస్తాం. గురవయ్య ఇంకా గట్టిగా తన గొప్ప చెప్పేవాడు.

ఒక సందెవేళ తీతువు గొంతు చించుకుని అరవడం మొదలుపెట్టింది.

"తగలడింది దరిద్రం" అని విసుక్కున్నాడు గురవయ్య.

ఎరకమ్మ విసుక్కోలేదు. పిల్లల్ని పొదలోకి తోసేసింది. మరుక్షణం చిరుతపులి గట్టు దిగింది.

గురవయ్య పొద వైపు తిరిగాడు. కానీ అడుగులు గుర్తుకొచ్చి రొమ్ము విరుచుకున్నాడు. "వచ్చిన దారినే పో. ఈ చెలమకున్న జనం సంగతి నీకు తెలీదు. కింద చూసుకో."

చిరుత కింద చూసింది. అడుగులు చదవడం దానికి అన్నం పెట్టే విద్య. తాపీగా ఒక చుట్టు తిరిగి వచ్చింది.

"గురవయ్యా, ఇవన్నీ ఒక్క నక్కవే. కుడి ముందుకాలికి ఒక వేలు లేదు. నీ జనమంతా వీడేనా?"

గురవయ్య గొంతెత్తాడు. వీరభద్రాన్ని పిలిచాడు, కుందేళ్ళను పిలిచాడు, రెండు రకాల కోతులనూ పిలిచాడు. ఏరంతా వినబడేలా పిలిచాడు. ఎవరూ రాలేదు.

చిరుత దూకింది. అతని చెవి సగం దాని నోట్లో ఉండిపోయింది. ఇంతలో తీతువు రివ్వున దిగి దాని కళ్ళ మీద రెక్కలతో కొట్టింది. పొదలోంచి ఎరకమ్మ తల వంచుకుని వచ్చి డొక్కలో ఒక్క కుమ్ము కుమ్మింది. చిరుత చెలమలోకి దొర్లి, ఇసుకలో కొట్టుకుని, ఎలాగో పైకి పాకి పారిపోయింది. దాని పెనుగులాటకి అంచులన్నీ విరిగి చెలమ కాస్తా నేలమట్టమైంది.

నెత్తురోడుతూ గురవయ్య తీతువు వంక చూశాడు. "నిన్ను వెలేసినవాణ్ణి. నాకోసం ఎందుకొచ్చావమ్మా?"

"నీకోసం కాదు. నా గుడ్లు ఇక్కడే ఉన్నాయి. చిరుత కాలు ఇది ఎవరి చెలమ అని చూసి పడుతుందా?"

తెల్లవారేసరికి పిల్లలు దాహంతో మూలుగుతున్నారు. గురవయ్య బింకమంతా దిగమింగి, పెళ్ళాం పిల్లలతో ఎగువకు నడిచాడు.

"పిల్లలకి నీళ్ళు కావాలి, వీరభద్రంగారూ." గారూ అనడం అదే మొదలు.

వీరభద్రం ఆ సగం చెవిని చూసి ఇబ్బందిగా కదిలాడు. "నిన్న నీ కేక వినబడింది. నీకు బోలెడు జనం ఉన్నారు కదా, వాళ్ళే చూసుకుంటారులే అనుకున్నాను."

"మీకూ అంత జనం ఉన్నారు కదా. నలుగుర్ని పంపలేకపోయారా?"

వీరభద్రం పక్కకి తప్పుకున్నాడు. అతని చెలమా సగానికి పైగా పూడిపోయి ఉంది. చుట్టూ మాత్రం కిక్కిరిసిన అడుగులు. గురవయ్య ఈసారి కళ్ళు మూసుకుని, ముట్టె నేలకానించి వాసన చూశాడు. తెలిసిన వాసనే. కళ్ళు తెరిచి దగ్గరగా వంగి చూస్తే, ప్రతి కుడి ముందుకాలి అడుగులోనూ ఒక వేలు లేదు.

"మీరేం ఇచ్చేవారు వాడికి?"

"ఇప్పపువ్వు" అన్నాడు వీరభద్రం నేల చూపులు చూస్తూ. "మరి మీరు?"

"ఎండ్రకాయలు."

పెద్దరికం అంత తొందరగా పోదు కదా, వీరభద్రం గొంతు సవరించుకున్నాడు. "సరే, కలిసే ఉందాం. అయితే ఈ చెలమ ఇకమీదట ఎవరిదని చెప్పుకోవాలి?"

"పేరు సంగతి కూడా తేల్చుకోవాలి" అన్నాడు గురవయ్య.

"ముందు తోడండి" అంది ఎరకమ్మ. ఆమె అప్పటికే గుంటలో ఉంది.

పందులు ముట్టెలతో పొడిచాయి, దుప్పులు గిట్టలతో తోశాయి. అది చూసి కుందేళ్ళు కూడా వచ్చి ఇసుక ఎగజిమ్మాయి. ఎండ నడినెత్తికి వచ్చేసరికి నీళ్ళు ఊరాయి. తాగేటప్పుడు పందులు జుర్రుమని చప్పుడు చేశాయి. ఎవరూ ఏమీ అనలేదు. తీతువు వచ్చి అంచున వాలి, ముక్కు తడుపుకుని పోయింది.

సాయంత్రానికి జంబులింగం పనిలోకి వచ్చాడు. వచ్చి, తెల్లబోయి నిలబడ్డాడు. చుట్టూ నేలంతా తొక్కి తొక్కి బురదైపోయింది. అతని అడుగు పడినా అందులో ఆనవాలు దొరకదు.

"బాబాయ్, ఇందులో నా అడుగు ఎవరికి కనబడుతుంది?"

"అడుగులు అక్కర్లేదురా. లోపలికి దిగి తోడు, కడుపునిండా తాగు" అన్నాడు గురవయ్య.

జంబులింగం కుడి కాలు పైకెత్తి చూపించాడు. "నాకు వేలు లేదు కదా బాబాయ్, తోడలేను." అని, కోతుల చెలమల వైపు కుంటుకుంటూ పోయాడు. అంతకు ముందెన్నడూ అతను కుంటగా ఎవరూ చూడలేదు.

చుట్టూ తిరిగే అడుగులు ఎన్నున్నా, చెలమను నిలిపేది లోపలికి దిగిన కాళ్ళే.