జగదేక పక్షం పల్లకీ ఎక్కింది

కంకణగిరి రాజు మల్లభూపాలుడికి ఒకనాడు పొద్దున్నే ఓ గొప్ప ఊహ తట్టింది. ఇక ఫలహారం కూడా ముట్టకుండా సభకు పరిగెత్తుకొచ్చాడు.

"లోకం మారాలయ్యా! అన్ని దేశాల వాళ్లనీ కలిపి ఒకే పక్షం పెడదాం. పేరు జగదేక పక్షం. పొరుగున మరుదేశంలో కరువుగా ఉంది, మొదట వాళ్లకు జొన్నలు చేరవేద్దాం. ఇంతకీ లోకాన్ని మార్చే పక్షానికి ఏం కావాలి?"

సలహాదారు భువనభూషణుడు లేచాడు. ఆ బిరుదు ఆయనకు ఎవరూ ఇవ్వలేదు, ఆయనే పెట్టుకున్నాడు.

"హోదా కావాలి ప్రభూ! చేరిన ప్రతివాడికీ ఒక పదవి, పల్లకీ మర్యాద ఇద్దాం. జనం ఎగబడి వస్తారు."

రాజు మొహం వెలిగిపోయింది. విదూషకుడు సూరప్పకు మాత్రం ఒళ్లు మండింది. అతని అక్కను ఇచ్చింది ఆ మరుదేశానికే. ఈయన పదవులు పంచేలోగా అక్కడ పిల్లలు ఆకలికి మాడిపోతారని అతని బెంగ.

"హోదాతో కదలదు ప్రభూ. ఇంకోటి కావాలి. రేపు ఊరేగింపులో చూపిస్తాను."

"చూపించలేకపోతే?" అన్నాడు భువనభూషణుడు మీసం దువ్వుతూ.

"బతికినన్నాళ్లూ మీ పల్లకీ మోస్తాను. చూపిస్తే మీరు మొయ్యాలి, ఒక్కసారి చాలు."

పందెం అనేసరికి రాజు సంబరపడిపోయి సరేనన్నాడు.

కంకణగిరిలో ఒక ఆచారం ఉంది. పల్లకీ మర్యాద పొందినవాడి భుజానికి మళ్లీ పల్లకీ బొంగు తగలకూడదు. తగిలిందా, ఆ మర్యాద పోయినట్టే. ఆ సాయంత్రం భువనభూషణుడు పక్షంలో చేరిన వాళ్లకు కండువాలు కప్పుతూ ఒక్కడి మొహమూ చూడలేదు. సూరప్ప చూశాడు, చూసి బుద్ధిగా వరస సర్దాడు.

మర్నాడు కోట ముందు పల్లకీలు బారులు తీరాయి. పక్కనే జొన్న బస్తాలు. రాజు తన పల్లకీ ఎక్కి తెర వేసుకున్నాడు. ఎంతసేపైనా పల్లకీ కదలదే!

"బోయీలేరీ?" అని అరిచాడు భువనభూషణుడు.

పక్క పల్లకీలో తెర తొలిగింది. పెద్దబోయీ గంగన్న తీరిగ్గా తాంబూలం నములుతున్నాడు.

"అందరం ఇక్కడే ఉన్నామండి. నిన్న సూరప్పగారు చేర్పించారు. నేనిప్పుడు తూర్పు దిక్కు అధ్యక్షుణ్ణి. తమరే కదండి కండువా కప్పింది! బొంగు ముట్టుకుంటే మర్యాద పోద్దండి."

"వేరేవాళ్లను పిలవండి!"

"ఎవర్ని పిలుస్తారు స్వామీ?" అన్నాడు సూరప్ప. "లోకంలో అందరికీ పల్లకీ మర్యాదేనని తమరే సెలవిచ్చారుగా. మొయ్యడానికి ఇంకో లోకం నుంచి రావాలి."

రాజు తెర తీసి తొంగిచూశాడు.

"మరి ఈ పక్షం కదలాలంటే ఏం కావాలోయ్?"

"భుజం కావాలి ప్రభూ! అదీ ముందు పల్లకీలో కూర్చున్నవారిది."

రాజునే మొయ్యమంటాడా అని అందరూ హడలిపోయారు. అంతలో రాజు పొట్ట చేత్తో పట్టుకుని విరగబడి నవ్వాడు. నవ్వుతూనే దిగొచ్చి, కిరీటం గంగన్న చేతికిచ్చి, బొంగు కింద భుజం పెట్టాడు. రాజే మోస్తుంటే ఇక మర్యాద ఎవరిక్కావాలి? అధ్యక్షులూ ఉపాధ్యక్షులూ గబగబా పల్లకీలు దిగారు.

"గెలిచావు సూరప్పా! ఎక్కు," అన్నాడు రాజు, మెడలోని ముత్యాల హారం తీసి అతని మెడలో వేస్తూ.

"నేనెక్కితే కథ మళ్లీ మొదటికొస్తుంది ప్రభూ. జొన్న బస్తాలు ఎక్కించండి. మా అక్క ఎదురుచూస్తుంటుంది."

బస్తాలు ఎక్కాయి. అన్న మాట ప్రకారం భువనభూషణుడు జరీ ఉత్తరీయం నడుముకు చుట్టి వెనక బొంగు ఎత్తుకున్నాడు.

"ఊరికే నడిస్తే బరువు తెలుస్తుందండి. ఓహోం అనాలండి," అని నేర్పాడు గంగన్న.

"ఓ... హోం!" అన్నాడు భువనభూషణుడు, సభలో శ్లోకం చదివే గొంతుతోనే.

కోటంతా గొల్లున నవ్వింది. ఆ నవ్వుల మధ్యే పల్లకీలు మరుదేశం దారి పట్టాయి.